చిలక కోసం కొన్న మిస్టింగ్ మెషీన్: ఎనిమిది నెలల తర్వాత

మా గ్రీన్ ఎనోల్ బల్లి పేరు చిలక. తోకతో కలిపినా జానెడు ఉండడు, ఒళ్ళంతా లేత అరిటాకు రంగు. రంగు మారుస్తాడని చాలామంది ఊసరవెల్లి అనుకుంటారు, కాదు. ఇది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పొదల మీదా చెట్ల మీదా తిరిగే బల్లి. అమ్మకానికి వచ్చేవాటిలో చాలావరకు బయట పట్టినవే. చిలకా అంతే. ఇంటికి వచ్చిన రోజు డొక్కల దగ్గర చర్మం ముడతలు పడి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. గిన్నెలో నీళ్ళు పెడితే సాయంత్రందాకా అటు చూడలేదు. చెయ్యి తడిపి ఆకుల మీద విదిలించాను. ఒక చుక్క దగ్గరికి మెల్లగా జరిగి, నాలుక చాపి నాకడం మొదలుపెట్టాడు. ఆకు మారుస్తూ పది నిమిషాలు తాగాడు. వీటికి నీళ్ళంటే ఆకు మీద మెరిసే చుక్కలే.

అప్పట్నుంచి రోజుకి మూడుసార్లు చేత్తో స్ప్రే చేసేదాన్ని. పనికి వెళ్ళిన రోజుల్లో మధ్యాహ్నం తడి తప్పిపోతోందని, టైము ప్రకారం సన్నటి తుంపర చల్లే ఈ మెషీన్ కొన్నాను: మూడు లీటర్ల ట్యాంకు, చిన్న పంపు, నీళ్ళు చిమ్మే రెండు నాజిళ్ళు, టైమర్.

పని బాగా చేస్తుంది, సెట్టింగ్ కుదిరితే. పది సెకన్లు పెడితే గాలిలో పొగమంచులా తేలి పోతుంది తప్ప ఆకు మీద చుక్క కట్టదు. నలభై సెకన్లు పెడితేనే పోథోస్ (మనీప్లాంట్) ఆకుల అంచుల నుంచి నీరు జారుతుంది. అలాగని గంటగంటకీ పెట్టకూడదు. నేను మొదట ఆ తప్పే చేశాను, వారం తిరక్కుండా వాడి గాజుపెట్టె అడుగున పరిచిన కొబ్బరిపీచు మీద బూజు వచ్చింది. ఎప్పుడూ తడిగా ఉంటే బల్లికి చర్మ వ్యాధులు, ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. ఇప్పుడు పొద్దున, మధ్యాహ్నం, లైటు ఆర్పడానికి రెండు గంటల ముందు, అంతే. మధ్యలో ఆకులు ఆరిపోవాలి. తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉంటోంది. దాన్ని చూడటానికి ప్రోబ్ ఉన్న డిజిటల్ మీటరు విడిగా కొనుక్కోండి.

మొదటి వారం పంపు మోతకి చిలక గోధుమరంగుకి మారి బెరడు వెనక్కి వెళ్ళిపోయేవాడు. ట్యాంకు కింద మందపాటి స్పాంజి పెట్టి, స్టాండుకి తగలకుండా జరిపాక సర్దుకున్నాడు. ఇప్పుడు నీళ్ళు పడగానే కొమ్మ చివరికి వచ్చి తల పైకెత్తుతాడు.

నా అసలు ఫిర్యాదు టైమర్ మీద. కరెంటు పోయి వస్తే సెట్టింగంతా చెరిగిపోతుంది. రెండు రోజులు ఊళ్ళో లేనప్పుడు అదే జరిగింది. వచ్చేసరికి ట్యాంకు నిండుగా ఉంది, ఆకులు ఎండిపోయి ఉన్నాయి, వాడి డొక్క మీద మళ్ళీ ఆ ముడతలు. ఆ రాత్రి గంటకోసారి లేచి చూసుకున్నాను. కోలుకున్నాడు, కానీ ఆ టైమర్ని మళ్ళీ నమ్మలేదు. బ్యాటరీతో గుర్తుపెట్టుకునే టైమర్ సాకెట్ విడిగా తగిలించాను. ఊరెళితే పక్కింటివాళ్ళకి స్ప్రే బాటిల్ ఇచ్చి వెళ్తున్నాను.

నాజిళ్ళు ఉప్పు నీటికి మూడు వారాల్లో పూడుకుపోయాయి. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, బాగా కడిగి బిగించాను. ఆర్‌ఓ నీళ్ళకి మారాక మళ్ళీ ఆ గొడవ లేదు, గాజు మీద తెల్లమరకలూ తగ్గాయి. ట్యాంకు మాత్రం వారానికోసారి ఖాళీచేసి కడగాల్సిందే, నిలవ నీళ్ళలో జిగురు పడుతుంది.

యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు), ఎండకాచుకునే చోట 30 డిగ్రీల వేడి, కాల్షియం పొడి అద్దిన పురుగులు, ఇవి లేనివాళ్ళు ముందు వాటికి డబ్బు పెట్టండి. అవన్నీ ఉన్నాక, పగలంతా ఇంట్లో లేనివాళ్ళకి ఇది నిజంగా అవసరం. నా లెక్కలో ఐదుకి మూడున్నర. ఎనిమిదో నెలలో పంపు మోత కాస్త పెరిగింది. విడి పంపు అమ్ముతారో లేదో కొనేముందే అడగండి, నాకు దొరకలేదు.