రిమూవ్ డూప్లికేట్స్: ఎంక్వైరీ షీట్లలో ఏళ్లుగా వాడాక

అమీర్‌పేటలోని ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్‌లో ఎంక్వైరీ షీట్ చూసుకునేది నేనే. ఒకే అబ్బాయి మైత్రీవనం దగ్గర ఫ్లెక్సీ చూసి ఫోన్ చేస్తాడు, మర్నాడు వచ్చి ఫారం నింపుతాడు, రాత్రికి వెబ్‌సైట్‌లోనూ వివరాలు ఇస్తాడు. షీట్‌లో మూడు వరసలు పడతాయి. ముగ్గురు కౌన్సెలర్లూ అతనికే ఫోన్ చేస్తే విసుక్కోడా మరి? అందుకే ఎక్సెల్ డేటా ట్యాబ్‌లో ఉండే రిమూవ్ డూప్లికేట్స్‌తో నాకు రోజూ పని. ఒకే వివరాలున్న వరసల్లో ఒకటి ఉంచి మిగతావి తీసేసే బటన్ ఇది, ఎక్సెల్ 2007లో వచ్చింది.

వేగానికి వంక పెట్టలేం. ఎన్ని తీసేసిందో, ఎన్ని మిగిలాయో వెంటనే చెప్తుంది. ఏవి తీసేసిందో మాత్రం చెప్పదు. నా పెద్ద ఫిర్యాదు ఇదే.

పైన ఉన్నదాన్ని ఉంచి కిందవి తీసేయడం దీని పద్ధతి. మా షీట్‌లో పాత ఎంక్వైరీ పైన, కొత్తది కింద ఉంటాయి. అలాగే నొక్కితే "ఆలోచించి చెప్తానన్నాడు" అన్న పాత రిమార్కు మిగులుతుంది, "ఫీజు కట్టాడు" అన్నది పోతుంది. కాబట్టి ముందు తేదీ ప్రకారం సార్ట్ చేసి కొత్తవి పైకి తెచ్చుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే.

ఒక్క కాలమే సెలెక్ట్ చేస్తే హెచ్చరిక పెట్టె వస్తుంది. అందులో "కంటిన్యూ విత్ ది కరెంట్ సెలెక్షన్" ఎంచుకుంటే ఫోన్ నంబర్లు మాత్రమే పైకి జరుగుతాయి, పేర్లు ఉన్నచోటే ఉంటాయి. ఒకరి పేరు పక్కన ఇంకొకరి నంబరు! "ఎక్స్‌పాండ్ ది సెలెక్షన్" ఎంచుకుని, తర్వాతి పెట్టెలో ఫోన్ కాలమ్‌కి తప్ప మిగతా టిక్కులన్నీ తీసేయాలి.

పేరు కాలమ్‌ని నమ్ముకోవద్దు. లక్ష్మిని ఇంగ్లిష్‌లో ఒకరు 'కెఎస్'తో రాస్తారు, ఇంకొకరు 'ఎక్స్'తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటే ఇంకోచోట చివర ఉంటుంది. పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాని ఎక్సెల్ పట్టించుకోదు, అది మంచిదే. కానీ చివర ఒక్క ఖాళీ ఉన్నా వేరే పేరనుకుంటుంది. నంబర్లకీ శుభ్రం కావాలి. ఒకరు ముందు సున్నా పెడతారు, ఒకరు ప్లస్ 91, ఇంకొకరు ఐదంకెల తర్వాత ఖాళీ. పక్కన ఒక కాలమ్ పెట్టుకుని సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో ఖాళీలు తీసేసి, రైట్ ఫంక్షన్‌తో చివరి 10 అంకెలు తీసుకుంటాను. వెబ్ పేజీ నుంచి కాపీ చేసినవాటిలో అదనపు ఖాళీలు తీసే ట్రిమ్ ఫంక్షన్‌కి లొంగని ఖాళీ ఒకటి ఉంటుంది. దాని కోడ్ 160, దాన్నీ సబ్‌స్టిట్యూట్‌తోనే తీయాలి.

గూగుల్ షీట్స్‌లో ఇదే పని డేటా మెనూలోని డేటా క్లీనప్ కింద ఉంది. ఎక్సెల్ 2021 లేదా 365 ఉన్నవాళ్లకు యునీక్ ఫంక్షన్ మేలు, డూప్లికేట్లు లేని జాబితాని వేరేచోట ఇస్తుంది, అసలు జాబితా జోలికి పోదు.

ఇంత చేసినా అన్నాచెల్లెళ్లిద్దరూ నాన్న నంబరే ఇస్తే ఒకరు ఎగిరిపోతారు. అందుకే ముందు కండిషనల్ ఫార్మాటింగ్‌తో ఒకే నంబరున్న వరసలకు రంగు వేసి, పేర్లు వేరుగా ఉన్నవాటి గురించి కౌన్సెలర్‌ని అడిగి, ఆ తర్వాతే బటన్ నొక్కుతాను.