కాటన్ కార్డ్‌తో అల్లిన బుట్ట: రెండో వానాకాలం కూడా దాటాక

హుక్ అనే కొక్కెం సూదితో అల్లే క్రోషే బుట్ట, అల్లిన రోజు ఎవరిదైనా బాగానే ఉంటుంది. ఫొటో తీసి స్టేటస్ పెట్టుకునేది కూడా ఆ రోజే. బట్టలు కుక్కి, పిల్లలు ఈడ్చి, నాలుగుసార్లు ఉతికాక ఎట్లుందో చెప్పేవాళ్లే తక్కువ. నల్లగొండలో మా ఇంట్లో ఇలాంటివి మూడు వాడుతున్నాం. ఒకటి 4 ఎంఎం లావున్న కాటన్ కార్డ్‌ది (అంటే నూలు తాడు), ఒకటి సుతిలిది (జనపనార తాడు), ఇంకోటి పాత నైటీలు, టీషర్టులు పీలికలుగా కత్తిరించి అల్లింది. రెండో వానాకాలం కూడా దాటింది కాబట్టి ఇక ధైర్యంగా చెప్పొచ్చు.

మూడింట్లో గట్టిది కాటన్ కార్డ్ బుట్టే. అయితే ఆ గట్టిదనం దారం లావుతో వచ్చింది కాదు, హుక్ సైజుతో వచ్చింది. ఈ కార్డ్‌కి మామూలుగా 7, 8 ఎంఎం హుక్ వాడతారు. పని తొందరగా సాగుతుంది, చెయ్యి నొప్పి పుట్టదు. మా ఆడబిడ్డ అట్లనే అల్లింది. ఆమె బుట్ట నింపితే నిలబడుతుంది, ఖాళీ చేస్తే కూలబడుతుంది. నాది 6 ఎంఎం హుక్‌తో, మొత్తం సింగిల్ క్రోషే అనే పొట్టి, దట్టమైన కుట్టుతో అల్లింది. ప్రతి కుట్టులోకీ హుక్‌ను బలంగా నెట్టాల్సిందే. బొటనవేలి మొదట్లో నొప్పి లేస్తుంది, ఒక్కసారి కూర్చుంటే మూడు నాలుగు వరసలు దాటవు. కానీ ఇవాళ్టికీ ఆ గోడ మీద వేలు పెట్టి నొక్కితే కుట్ల మధ్య సందు కనబడదు, లోపల ఏమీ లేకున్నా నిటారుగానే ఉంటుంది.

అడుగు దగ్గర ఓపిక కావాలి. 6 కుట్లతో మొదలుపెట్టి వరసకు 6 చొప్పున పెంచుకుంటూ పోతే 11వ వరసకు 66 అవుతాయి, అడుగు వెడల్పు దగ్గరదగ్గర 25 సెంటీమీటర్లు వస్తుంది. పెంచడం తక్కువైతే అడుగు గిన్నెలాగా పైకి లేస్తుంది, ఎక్కువైతే అంచు కుచ్చులు పోతుంది. పెంచిన కుట్లు వరస వరసకూ ఒకదాని మీద ఒకటి పడితే గుండ్రం పోయి ఆరు మూలలు తేలతాయి, అందుకే వాటిని కాస్త అటూ ఇటూ జరుపుతుండాలి. అడుగు నుంచి గోడకు మళ్లే వరసలో మాత్రం హుక్‌ను కుట్టు పైన కనబడే రెండు పోగుల్లో వెనకదాంట్లోకే దూర్చాలి. అప్పుడే మడత సరిగ్గా తేలి బుట్ట ఊగకుండా కూర్చుంటుంది. వరస మొదలు గుర్తుకు మార్కర్లు కొనాల్సిన పనిలేదు, పిన్నీసు చాలు.

ఇక దీని లోపం పిడులు. బుట్టనిండా బొమ్మలు వేసి పిల్లలు ఒక పిడి పట్టుకుని హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతారు. పిడి తెగలేదు గానీ సాగింది, దానితోపాటు పైఅంచు కూడా ఒకవైపు వంగింది. కాటన్‌కి సాగిన తర్వాత మళ్లీ వెనక్కి వచ్చే గుణం తక్కువ. పిడికి వేసిన చైన్ (గొలుసు కుట్లు) మీద ఒక్క వరసతో ఆపకుండా రెండు వరసలు వేసి, లోపలి అంచు వెంబడి స్లిప్ కుట్టు (ఎత్తు పెంచని బిగువు కుట్టు) తిప్పితే చాలావరకు ఆగుతుంది.

గంజి పెడితే ఇంకా గట్టిపడుతుందని చాలామంది చెబుతుంటారు. పడుగు నూలుకు గంజి పెట్టడం మన నేతగాళ్ల ఇళ్లల్లో ఉన్నదే. కానీ మగ్గం పని అయ్యాక ఆ గంజి ఉతుకులో పోతుంది, బుట్టలో పెట్టింది అట్లనే ఉండిపోతుంది. వానాకాలం చెమ్మకు మెత్తబడి జిగటవుతుంది, బొద్దింకలు చేరతాయి. నేనైతే వద్దంటాను. ఉతకడానికి కూడా బోరు నీళ్లు వద్దు. మా దిక్కు బోరు నీళ్లల్లో ఉప్పదనం ఎక్కువ, ఆరాక కార్డ్ మీద తెల్లటి పొర కడుతుంది, ముదురు రంగైతే మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నల్లా నీళ్లతో ఉతికి, పిండకుండా టవల్‌తో అద్ది, బోర్లించిన స్టీలు బిందెకు తొడిగి నీడన పెడతాను. అట్లయితే ఆరేలోపు ఆకారం చెడదు. పిడులకు తాడు కట్టి దండెం మీద వేలాడదీస్తే మాత్రం తడి బరువుకు పొడుగ్గా సాగిపోతుంది.

సుతిలి బుట్టను ఉల్లిగడ్డల కోసం వాడాం. గాలి బాగానే ఆడుతుంది. కానీ కొత్తలో నూనె వాసన, ఎప్పుడు ముట్టుకున్నా పీచు రాలడం. వానలు పడ్డాక అడుగున బూజు మచ్చలొచ్చాయి, కుట్లల్లో ఇరుక్కున్న పొట్టు ఎంత దులిపినా రాదు. ఉల్లిగడ్డలకు మేదరివాళ్ల వెదురు గంపను మించింది లేదు, ఈ విషయంలో అత్తమ్మ మాటే గెలిచింది. పీలికల బుట్ట మెత్తగా, బరువుగా ఉంటుంది, సాక్సులకు సరిపోతుంది. అంతకు మించి దాని గురించి చెప్పడానికేం లేదు.

పోచంపల్లి మనకు దగ్గరే కదా, అక్కడ మిగిలిన పట్టు దారంతో అల్లొచ్చు కదా అని కొందరు అడిగారు. ఆ పోగు సన్నం, పైగా జారుడు. ఎన్నో పోగులు కలిపి పట్టుకుంటే గానీ బుట్టకు చాలదు, అంత చేసినా గోడ నిలబడదు.

ఖర్చు విషయానికొస్తే, కార్డ్ కిలో నాలుగు వందల దాకా పడింది. 20 సెంటీమీటర్ల ఎత్తు బుట్టకు దగ్గరదగ్గర ముప్పావు కిలో పోయింది. "ఇన్ని పైసలు పెట్టి దారం కొనే బదులు ప్లాస్టిక్ బుట్ట రెండొస్తాయి కదా బిడ్డా" అంది అత్తమ్మ. ధర చూసుకుంటే నిజమే. చేతిపని మీద ఇష్టం లేనివాళ్లు అట్లనే కొనుక్కోవడం మంచిది. ఇష్టం ఉన్నవాళ్లు 25 సెంటీమీటర్ల వెడల్పు దాటకుండా అల్లుకోండి. అంతకన్నా పెద్దది కావాలంటే వడ్రంగితో అడుక్కి ప్లైవుడ్ ముక్క గుండ్రంగా కోయించుకుని, అంచు చుట్టూ రంధ్రాలు వేయించి అక్కడి నుంచే గోడ మొదలుపెట్టండి. ఆడబిడ్డ ఇప్పుడు తన బుట్టకు మూత కూడా అల్లిపెట్టమంటోంది. ముందు బుట్ట విప్పి చిన్న హుక్‌తో మళ్లీ అల్లితేనే మూత అని చెప్పాను.