లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఆ ఒక్క సెర్చ్ బాక్స్: నా రేటింగ్ 5కి 3

యూనివర్సిటీ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్ నా డ్యూటీ. పుస్తకాలు, వ్యాసాలు, థీసిస్‌లు అన్నీ ఒకేచోట వెతికే సెర్చ్ బాక్స్ వెబ్‌సైట్‌లో పెట్టినప్పటి నుంచి విద్యార్థులు దాన్ని ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూస్తున్నాను. ఈ రివ్యూ వాళ్ల కోసమే.

పాత క్యాటలాగ్‌లో జర్నల్ వ్యాసాలు దొరికేవి కావు. వాటి కోసం ఒక్కో డేటాబేస్‌లోకి విడిగా వెళ్లాల్సి వచ్చేది. 2004లో పరిశోధనా వ్యాసాలను వెతికే గూగుల్ స్కాలర్ వచ్చాక అంత తిరగడానికి ఎవరికి ఓపిక ఉంటుంది? అందుకే ఒకే బాక్స్ పెట్టడం మంచి పనే. ఫస్టియర్ పిల్లలు కూడా ఎవరినీ అడగకుండా ఏదో ఒకటి తెరిచి చదువుతున్నారు. నాకది నిజంగా సంతోషం.

చిక్కంతా ఆ తర్వాతే. అసైన్‌మెంట్ ప్రశ్న మొత్తాన్ని బాక్స్‌లో టైప్ చేస్తారు. లక్షల్లో ఫలితాలు వస్తాయి. మొదటి రెండు మూడు చూసి, "మేడమ్, నా టాపిక్ మీద ఏమీ లేదు" అంటారు. ఉంటుంది, కిందెక్కడో ఉంటుంది. ప్రశ్నలోంచి ముఖ్యమైన రెండు మూడు మాటలే తీసుకుని, కలిసి ఉండాల్సిన మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెడితే పేజీ మొత్తం మారిపోతుంది. ఒకే అర్థమున్న మాటల మధ్య 'ఆర్' (OR) పెట్టొచ్చు, కానీ దాన్ని క్యాపిటల్ లెటర్స్‌లో కొట్టాలి. చిన్న అక్షరాల్లో కొడితే మా టూల్ దాన్ని మామూలు మాటగానే చూస్తుంది. ఈ సంగతి బాక్స్ పక్కన ఒక్క లైన్‌లో రాయొచ్చు కదా! హెల్ప్ పేజీలో ఎక్కడో దాచారు.

'పీర్ రివ్యూడ్' (అంటే అదే రంగం నిపుణులు పరిశీలించాక అచ్చయినవి) ఫిల్టర్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. లెక్చరర్లు అవే కావాలంటారు కాబట్టి పిల్లలు దానికి టిక్ పెట్టి నిశ్చింతగా ఉంటారు. ఆ ఫిల్టర్ చూసేది జర్నల్‌ని, వ్యాసాన్ని కాదు. అదే జర్నల్‌లో వచ్చిన సంపాదకీయాలు, పుస్తక సమీక్షలు కూడా అందులోంచి దర్జాగా బయటికొస్తాయి. ఒక పుస్తకం పేరు కొడితే పుస్తకం కంటే ముందు దాని మీద సమీక్షలు వరసగా కనిపించడం రోజూ చూస్తున్నదే. రెండు పేజీల సమీక్షను పరిశోధనా వ్యాసం అనుకుని రెఫరెన్స్‌లో పెట్టిన విద్యార్థికి మార్కులు పోతే తప్పు ఆ పిల్లదా? 'ఆర్టికల్' అనే ఇంకో ఫిల్టర్ కూడా పెట్టండి, సమీక్షలు చాలావరకు పోతాయి. ఫోన్‌లో ఈ ఫిల్టర్లన్నీ ఒక చిన్న బటన్ వెనక ఉంటాయి, వెతికి నొక్కాలి.

వైద్యం, నర్సింగ్ చదివేవాళ్లకు నా సలహా వేరు. మీరు నేరుగా వైద్య వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్‌కి వెళ్లండి, అది ఉచితం. అక్కడ 'హార్ట్ అటాక్' అని కొడితే దాని వైద్య పేరు 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అనే సబ్జెక్ట్ హెడింగ్ (వ్యాసం దేని గురించో చెప్పే నిర్ణీత పేరు) కింద ఉన్న వ్యాసాలను కూడా అదే వెతికి పెడుతుంది. మా బాక్స్‌కి ఆ తెలివి లేదు, మీరు కొట్టిన మాటనే పట్టుకుని తిరుగుతుంది.

ఇంటి నుంచి మా బాక్స్ వాడేటప్పుడు ముందే లాగిన్ అవ్వండి. లేకపోతే కొన్ని డేటాబేస్‌ల ఫలితాలు అసలు చూపించదు, చూపించలేదని గట్టిగా చెప్పదు కూడా. నాకు బాగా కోపం వచ్చేది ఇక్కడే. గూగుల్ స్కాలర్ అలవాటైనవాళ్లు దాని సెట్టింగ్స్‌లో 'లైబ్రరీ లింక్స్'కి వెళ్లి మీ యూనివర్సిటీ పేరు ఉంటే ఎంచుకోండి. లైబ్రరీ డబ్బు కట్టిన వ్యాసాల పక్కన లింక్ కనిపిస్తుంది.

టాపిక్ మొదలుపెట్టడానికి ఈ బాక్స్ చాలు. థీసిస్ రాసేవాళ్లు మాత్రం ఇక్కడ ఆగిపోకుండా మీ సబ్జెక్ట్ డేటాబేస్‌లోనూ వెతకాలి. ఫుల్ టెక్స్ట్ దొరకని వ్యాసం కింద ఇంటర్ లైబ్రరీ లోన్ లింక్ ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. అది నొక్కి ఫారం నింపితే వేరే లైబ్రరీ నుంచి తెప్పించే ప్రయత్నం మేం చేస్తాం.