కార్తెకో ఉత్తరం: మిద్దెతోట కొట్టుకు ఈమెయిల్ న్యూస్‌లెటర్ ఎంతవరకు పనికొచ్చింది

విశాఖ ఎంవీపీ కాలనీలో మాది చిన్న కొట్టు. మేడ మీద కూరగాయలు పెంచేవాళ్లకు విత్తనాలు, గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు, వేపనూనె, పందిరికి కట్టే వలలు అమ్ముతాం. ఈమెయిల్ న్యూస్‌లెటర్ మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. "ఈ రోజుల్లో మెయిల్ ఎవరు చూస్తారండీ, హాయిగా వాట్సాప్ గ్రూపు పెట్టుకోక" అని అప్పుడూ అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. వాళ్లు అనేదాంట్లో సగం నిజమే ఉంది.

నిజమైన సగం ఏంటంటే, దీంతో కొత్త కస్టమర్లు రారు. మన పేరే తెలియనివాళ్లు మన మెయిల్ ఎందుకు తెరుస్తారు? గాజువాకలోనో పెందుర్తిలోనో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు మా కొట్టుకు వచ్చారంటే గూగుల్ మ్యాప్‌లో చూసో, పక్కింటి మేడ మీద ఆనపపాదు చూసి అడిగో వస్తారు. మెయిల్ పని ఆ తర్వాత మొదలవుతుంది. ఒకసారి కొన్న మనిషి, మొక్క పోయిందని విసుగుపుట్టి బ్యాగులు మూలన పడేయకుండా, మళ్లీ విత్తనాలకు మన దగ్గరికే వచ్చేలా చేయడం వరకే దాని బాధ్యత. మా వ్యాపారం నిలబడేది కూడా ఆ రెండో కొనుగోలు, మూడో కొనుగోలు మీదే కాబట్టి నాకు ఇది గిట్టుబాటయింది.

ఎప్పుడెప్పుడు పంపాలి అన్నదానికి నెట్‌లో రకరకాల సలహాలు కనిపిస్తాయి. వారానికొకటి అంటారు, వారానికి రెండు అంటారు. అంత చెప్పడానికి మన దగ్గర ఏముంటుంది? మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పంచాంగం చూసే పాదులు పెడతారు, అక్కడే నాకు లెక్క దొరికింది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. కార్తెలు ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. కార్తెకో ఉత్తరం అంటే సుమారు రెండు వారాలకొకటి, ప్రతిదానికీ విషయం సిద్ధంగా ఉంటుంది. రోహిణి కార్తెలో ఎండలకు షేడ్ నెట్ గురించి, కొబ్బరిపొట్టు ఎండిపోతే నీళ్లు పైపైన జారిపోవడం గురించి. జూన్ రెండో వారంలో మృగశిర వస్తే బెండ, గోరుచిక్కుడు, బీర, ఆనప విత్తడం. స్వాతి వచ్చేసరికి క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు. ఏం రాయాలా అని శనివారం మధ్యాహ్నం తల పట్టుకునే టెన్షన్ నాకు ఎప్పుడూ లేదు. కార్తె పేరు సబ్జెక్ట్ లైన్‌లో పెడితే పెద్దవాళ్లు గుర్తుపడతారు, చిన్నవాళ్లు "ఇదేంటి" అని తెరుస్తారు. నాకు రెండూ లాభమే.

అసలు కష్టం మెయిల్ అడ్రసు సంపాదించడంలో ఉంది. మన ఊళ్లో ఫోన్ నంబరు అడిగితే బిల్లు కొట్టేలోపే చెప్పేస్తారు. మెయిల్ అడిగితే మాత్రం ఒక్క క్షణం అనుమానంగా చూస్తారు, లేదా నిజంగానే గుర్తుండదు. కాగితం మీద రాయించుకుంటే అది అంకె ఒకటో, ఇంగ్లీషు ఎల్ అక్షరమో తేలదు, చుక్క ఉందో లేదో తెలీదు, సగం వెనక్కి తిరిగొస్తాయి. అందుకని కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ పెట్టాను. వాళ్లే స్కాన్ చేసి కొట్టుకుంటారు, తర్వాత వాళ్లకో మెయిల్ వెళ్తుంది, అందులో లింకు నొక్కితేనే జాబితాలో చేరతారు. ఈ రెండో మెట్టు దగ్గర కొందరు రాలిపోతారు, నిజమే. కానీ మిగిలినవాళ్లు గట్టివాళ్లు. పైగా 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక, ఈ మనిషి ఒప్పుకున్నాకే పంపుతున్నాం అనడానికి ఒక ఆధారం చేతిలో ఉండటం మంచిదే. "విశాఖ డేటాబేస్ ఉంది సార్, లక్ష మెయిల్ ఐడీలు" అని ఫోన్ చేసేవాళ్లు మీకూ తగులుతారు, కొనకండి.

ఇక్కడ నేను అస్సలు ఊహించని సంగతి ఒకటుంది. స్టీల్ ప్లాంటులో, పోర్టులో, నేవీలో చేసి రిటైరైనవాళ్లు మా దగ్గర చాలామంది కొంటారు. వాళ్లలో కొందరు "నాదెందుకమ్మా, మా అబ్బాయిది రాసుకో" అని కొడుకు మెయిలో, కూతురి మెయిలో ఇస్తారు. ఆ అబ్బాయి ఉండేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. వీళ్లకు మిద్దెతోట ఉత్తరం ఏం పనికొస్తుంది అనుకునేదాన్ని. తీరా చూస్తే వాళ్లే ఎక్కువ శ్రద్ధగా చదువుతున్నారు. లింకు నొక్కి తాము ఒప్పుకుని, చదివి, అమ్మకు వాట్సాప్‌లో పంపి, "నాన్నా, టమాటాకి పిండినల్లి పడితే ఇలా చేయాలట" అని ఫోన్ చేసి, చివరికి సీతమ్మధారలో ఉన్న ఇంటికి నాలుగు బస్తాల కంపోస్టు అక్కడి నుంచే ఆర్డర్ పెట్టేస్తారు. డబ్బు ఒక ఊళ్లో, మొక్కలు ఇంకో ఊళ్లో. ఊరొదిలి వెళ్లిన పిల్లలకు అమ్మానాన్నలతో మాట్లాడటానికి ఇదో సాకు కూడా అయిందేమో. ఇదే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అయితే కుదిరేది కాదు. అక్కడ ఒక జాబితాకు 256 మందే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఊళ్లో లేని అబ్బాయి విత్తనాల కొట్టు నంబరు ఫోన్‌లో ఎందుకు దాచుకుంటాడు?

వాట్సాప్‌లో లేనిది ఇంకోటి ఉంది, వెతికితే దొరకడం. కిందటేడు పంపిన వేపనూనె మోతాదు ఈ ఏడాది వెతికి తీసి, దానికే రిప్లై కొట్టి "ఇదే సీసా ఇంకోటి పంపండి" అనేవాళ్లున్నారు. ఇలా జరగాలంటే విషయం అక్షరాల్లో ఉండాలి. చాలామంది అందంగా ఉంటుందని తెలుగు అంతా పోస్టర్ బొమ్మలో పెట్టి పంపుతారు. బొమ్మ లోడ్ కాకపోతే తెల్ల పేజీయే, వెతికినా ఏమీ దొరకదు. నేను తెలుగులోనే టైప్ చేస్తాను, అడుగున ఒక లైనులో మందుల పేర్లు, తెగుళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పెడతాను, ఎందుకంటే వెతికేటప్పుడు మనవాళ్లు ఎక్కువమంది ఇంగ్లీషులోనే కొడతారు.

తెలుగుతో ఒక చిక్కుంది, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. మెయిల్ సైజు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అని లింకు పెడుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతం గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. దానికి తోడు, జాబితా మొత్తానికి మెయిళ్లు పంపిపెట్టే సర్వీసు వాళ్ల రెడీమేడ్ డిజైన్లలో రంగుల పెట్టెలు, బటన్లు అంటూ కోడు బోలెడంత ఉంటుంది. రెండూ కలిసి పెద్ద ఉత్తరమైతే గీత దాటేస్తుంది. జాబితా నుంచి తప్పుకోవడానికి నొక్కే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు అడుగునే ఉంటుంది కాబట్టి కత్తెర మొదట పడేది దాని మీదే. అందుకే నా ఉత్తరం ఒక ఫొటో, ఏడెనిమిది చిన్న పేరాలు, అంతే. చూడటానికి మామూలు ఉత్తరంలాగే ఉంటుంది, దానికే జవాబులు ఎక్కువ వస్తాయి.

సాంకేతిక పని మొదట్లో ఒకసారే. కానీ అది చేయకుండా మొదలుపెట్టడం దండగ. మీ పేరు మీద ఒక డొమైన్, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే సొంత పేరు, ఉండాలి, మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఖర్చు. జీమెయిల్ అడ్రసుతోనే న్యూస్‌లెటర్ సర్వీసు నుంచి పంపుదామంటే స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రూల్స్ బిగించాయి. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5000కు పైగా పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాల్సిందే. మనలాంటి చిన్నవాళ్లకు మొదటి రెండింట్లో ఒకటైనా ఉండాలి, పెట్టేటప్పుడు మూడూ పెట్టేయడం మేలు. పేర్లు చూసి భయపడొద్దు. మీ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్, దారిలో ఎవరూ మార్చలేదని సంతకం పెట్టేది డీకిమ్, ఈ రెండూ కుదరకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్. డొమైన్ కొన్నచోట సెట్టింగుల్లో మూడు లైన్లు అతికించడమే. కొంచెం కంప్యూటర్ తెలిసిన ఇంటర్ కుర్రాడైనా ఒక పూటలో చేసేస్తాడు.

సర్వీసుల సంగతి. ఉచిత ప్లాన్లను నమ్ముకుని దీర్ఘకాలం లెక్కలు వేసుకోవద్దు. మెయిల్‌చింప్‌లో ఒకప్పుడు 2000 మంది దాకా ఉచితంగా ఉండేది, తర్వాత 500కి దించారు. బ్రెవోలో ఉచిత ప్లాన్‌కు రోజుకు 300 మెయిళ్ల పరిమితి. మామూలు కార్తె ఉత్తరం రెండు మూడు రోజుల్లో విడతలుగా వెళ్లినా కొంపేం మునగదు, కానీ తుఫాను ఉత్తరం అలా కుదరదు. నేను వాడి వదిలేసిన ఒక విదేశీ సర్వీసులో అన్‌సబ్‌స్క్రైబ్ చేసి వెళ్లిపోయినవాళ్లను కూడా మనిషిగా లెక్కేసి బిల్లు వేసేవాళ్లు, మనం చేత్తో తీసేస్తే తప్ప. ఇంకో తలనొప్పి డబ్బు కట్టడం. కార్డు మీద నెలనెలా వాటంతటవే పోయే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబర్ నుంచి మారాక విదేశీ బిల్లులు ఆగిపోవడం మామూలైపోయింది. ఇప్పుడు రూపాయల్లో, జీఎస్టీ బిల్లుతో, ఏడాదికి ఒకేసారి కట్టే మన దేశపు సర్వీసులో ఉన్నాను. ఫీచర్లు కాస్త తక్కువే, నాకు వాటితో పని లేదు.

తుఫాను ఉత్తరం అన్నాను కదా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది. అక్టోబర్, నవంబర్‌లో వాయుగుండం అనే మాట వినపడగానే నేను ఒక చిన్న మెయిల్ పంపేస్తాను. షేడ్ నెట్ విప్పి చుట్టేయండి, పిట్టగోడ మీది కుండీలు కిందికి దించండి, పందిరి కర్రలు తాళ్లతో బిగించండి, మేడ మీది నీళ్ల గొట్టంలో ఆకులు లేకుండా చూడండి. అందులో అమ్మకం ఏమీ ఉండదు, ధర ఒక్కటీ ఉండదు. మా ఉత్తరాలన్నిటిలోకీ జవాబులు ఎక్కువ వచ్చేది దానికే. గాలి తగ్గాక కొట్టుకు వచ్చేవాళ్లలో "మీ మెయిల్ చూసి దించాం, లేకపోతే పోయేవి" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆఫర్లు మాత్రమే ఉన్న మెయిల్ పంపితే ఆ రెండు రోజులు అమ్మకం పెరిగే మాట నిజమే, కానీ వెళ్లిపోయేవాళ్లు కూడా అప్పుడే ఎక్కువ. అందుకని మూడు నాలుగు ఉత్తరాలకొక ఆఫర్, అదీ చివరి పేరాలో.

వెళ్లిపోయేవాళ్ల గురించి బాధపడటం మానేశాను. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కనపడేలా పెడితేనే మంచిది, కనపడకపోతే స్పామ్ అని నొక్కుతారు. అలా స్పామ్ అని నొక్కేవాళ్లకు జీమెయిల్ చెప్పే పరిమితి 0.3 శాతం, అంటే వెయ్యి మందిలో ముగ్గురు. చిన్న జాబితాకు ముగ్గురు కోపిష్టులు చాలు.

ఎంతమంది మెయిల్ తెరిచారో చెప్పే ఓపెన్ రేటు చూసి మురిసిపోవద్దు. మెయిల్‌లోని బొమ్మ దిగితే తెరిచినట్టు లెక్కేస్తారు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో, ఆ రక్షణ పెట్టుకున్నవాళ్లకు, మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే దింపుకునే పద్ధతి తెచ్చింది. దాంతో ఐఫోన్ వాళ్లలో చాలామంది తెరిచినట్టే లెక్కలో పడతారు. నేను చూసేవి రెండే, ఎంతమంది జవాబు రాశారు, ఉత్తరం వెళ్లిన వారంలో అందులో చెప్పిన విత్తనం ఎన్ని ప్యాకెట్లు కదిలింది. గోరుచిక్కుడు గురించి రాస్తే గోరుచిక్కుడు అడుగుతారు, అంత సూటిగా తెలుస్తుంది. మెయిల్ జీమెయిల్‌లో ప్రకటనలకు విడిగా ఉండే ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడుతోందని కొందరు గింజుకుంటారు కానీ, కావాలనుకునేవాళ్లు అక్కడికెళ్లీ చదువుతారు, నాకది పెద్ద సమస్య అనిపించలేదు. సమయం మాత్రం తేడా చూపింది. ఆదివారం పొద్దున మా కస్టమర్లంతా మేడ మీదే ఉంటారు, ఫోన్ చూడరు. శనివారం సాయంత్రం పంపితే ఆదివారం పనికి పనికొస్తుంది, పదకొండింటికి కొట్టు నిండుతుంది.

అందరికీ ఇది పెట్టమని చెప్పను. టిఫిన్ సెంటరు, కర్రీ పాయింటు, ఫ్యాన్సీ షాపు వాళ్లకు దండగ, ఇడ్లీ గురించి రెండు వారాలకోసారి ఏం రాస్తారు? సంగీతం నేర్పేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, ఏటికొప్పాక బొమ్మల్లాంటివి బయట ఊళ్లకు పంపేవాళ్లు, పుస్తకాల కొట్టు, ట్యాక్స్ రిటర్నులు వేసేవాళ్లు, వీళ్లకైతే చెప్పడానికి విషయం ఉంటుంది, కస్టమర్ మళ్లీ మళ్లీ రావాల్సిన అవసరమూ ఉంటుంది. ఉత్తరానికి నాకు మూడు గంటలు పడుతుంది. రాయడం ఇష్టం లేనివాళ్లకు ఆ మూడు గంటలు నరకం, డబ్బిచ్చి రాయించుకుంటే అది మీ కొట్టు మాటలా ఉండదు.

ఇప్పుడే పెట్టుకునేవాళ్లకు ఇంకొక్కటి. ప్రతి నెలాఖరున జాబితా మొత్తం ఎక్సెల్‌లోకి దింపి మీ కంప్యూటర్లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుకోండి, ఎవరు ఏ తేదీన ఒప్పుకున్నారో ఆ కాలమ్‌తో సహా. సర్వీసు మారేటప్పుడు కొత్తవాళ్లు మొదట అడగొచ్చేది అదే.