పేపర్ల లెక్కకు సరే, నిధుల పంపకానికి చాలదు: ఒక సాఫ్ట్‌వేర్ సమీక్ష

అధ్యాపకుల ప్రచురణలను ఒకచోట చేర్చి, వాటికి పాయింట్లు వేసి, ఆ పాయింట్లను బట్టి ఏ డిపార్ట్‌మెంటుకు ఎంత పరిశోధన నిధి ఇవ్వాలో కూడా లెక్కగట్టి చూపించే సాఫ్ట్‌వేర్లు విశ్వవిద్యాలయాలను దాటి ఇప్పుడు డిగ్రీ కళాశాలల దాకా వచ్చాయి. కోనసీమలో నేను పనిచేస్తున్న స్వయంప్రతిపత్తి కళాశాల, కళాశాలల నాణ్యతకు గ్రేడు ఇచ్చే నాక్ మూల్యాంకనంలో పరిశోధనను చూసే మూడో క్రైటీరియన్ కోసమని అలాంటిదొకటి ఏడాది చందా మీద తీసుకుంది. ఆ తరవాత అధ్యాపకులు కొత్త ప్రాజెక్టులు మొదలుపెట్టడానికి ఇచ్చే సీడ్ మనీని సైతం అందులో వచ్చే స్కోరును చూసే పంచడం మొదలైంది. కంపెనీ పేరు రాయడం నా ఉద్దేశం కాదు. కొనేముందు డెమో చూసిన ఇతర ఉత్పత్తులు కూడా కొద్దిపాటి తేడాలతో ఇదే తీరులో ఉన్నాయి కాబట్టి, వాటిలో దేన్ని కొనబోయేవారికైనా ఈ సమీక్ష పనికివస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: ప్రచురణల రిజిస్టరుగా ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది, నిధులు పంచే సాధనంగా, ఇప్పుడున్న రూపంలో, దీన్ని నమ్ముకోవడానికి లేదు.

ముందుగా బాగున్నవి. వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య డీఓఐని పెడితే చాలు, వ్యాసం శీర్షిక, పత్రిక పేరు, దాని గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్, సంపుటి, పుటలు, సహరచయితల పేర్లు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. పరిశోధకుల గుర్తింపు ఖాతా ఆర్కిడ్‌ను ఒకసారి జతచేస్తే కొత్త పేపర్లు అడగకుండానే జాబితాలో చేరతాయి. గతంలో నివేదిక పంపే రోజులు దగ్గరపడ్డాయంటే కళాశాల నాణ్యతను చూసుకునే ఐక్యూఏసీ విభాగం గదిలో జిరాక్సు కాపీల కట్టలు, ఒక్కో డిపార్ట్‌మెంటు ఒక్కో విధంగా నింపిన ఎక్సెల్ షీట్లు, ఒకే పేపరును ముగ్గురు సహరచయితలు మూడు రకాల శీర్షికలతో రాసిచ్చిన జాబితాలు పేరుకుపోయేవి. ఇప్పుడు నాక్ అడిగే నమూనాలోనే పట్టిక తయారై, ప్రతి వరుస పక్కన రుజువు పత్రం లింకు కూడా ఉంటోంది. ఈ ఒక్క పనికే చందా కట్టినా తప్పులేదు.

చిక్కు మన పేర్ల దగ్గర మొదలవుతుంది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత రాసుకోవడం మన అలవాటు. అంతర్జాతీయ డేటాబేసులు సాధారణంగా చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. కనుక సాఫ్ట్‌వేర్ దృష్టిలో కోనసీమ అధ్యాపకుల్లో సగం మంది సత్యనారాయణ వంశస్థులు, మిగిలినవారు రావుగారి వంశస్థులు. ఒకే ఇనిషియల్ ఉన్న ఇద్దరు సత్యనారాయణల పేపర్లు ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోతాయి. ఒకే వెంకటేశ్వరరావుగారి పేపర్లు ఇనిషియల్ ఒకటి ఉన్నచోట ఒకలా, రెండున్నచోట ఇంకోలా చీలి వేర్వేరు మనుషులవైపోతాయి. పెళ్లి తరవాత ఇంటిపేరు మార్చుకున్న అధ్యాపికల పాత పేపర్లు ఏ ఖాతాకూ చెందకుండా విడిగా పడి ఉంటాయి. వీటిని తనవని చెప్పుకోవడానికి ఒక బటన్ ఉంది, అది పనిచేస్తుంది కూడా. అయితే ఎవరికివారు కూర్చుని చూసుకోవాలి. చూసుకోని వారి స్కోరు తక్కువగానే ఉండిపోతుంది, సీడ్ మనీ లెక్క ఆ స్కోరు మీదే నడుస్తుంది.

అసలు విషయం స్కోరు పేజీలో ఉంది. కంపెనీ ఇచ్చే అమరికలో, స్కోపస్ అనే అంతర్జాతీయ డేటాబేసులోని పత్రికలు ప్రభావాన్ని బట్టి నాలుగు క్వార్టైళ్లుగా, అంటే నాలుగు సమాన వర్గాలుగా ఉంటాయి. మొదటి క్వార్టైల్ వ్యాసానికి ఎక్కువ పాయింట్లు, నాలుగోదానికి తక్కువ, స్కోపస్‌లో లేని పత్రికకు నామమాత్రం, ఒక్కోసారి సున్నా. ఇక్కడివరకు సర్దుకోవచ్చు. ఒక వ్యాసాన్ని ఆరుగురు కలిసి రాస్తే మాత్రం ఆరుగురికీ పూర్తి పాయింట్లు పడతాయి. ఆ ఆరుగురూ ఒకే డిపార్ట్‌మెంటువారైతే అదే వ్యాసం డిపార్ట్‌మెంటు ఖాతాలో ఆరుసార్లు జమ అవుతుంది. ప్రయోగశాలలో కలిసి పనిచేయడమే పద్ధతిగా ఉన్న రసాయనశాస్త్రానికి ఇది వరం. ఏళ్ల తరబడి పాత రికార్డులు తిరగేసి ఒంటరిగా పుస్తకం రాసిన చరిత్ర అధ్యాపకుడికి ఒక్కసారే, అదీ ఒక మధ్యరకం వ్యాసానికి వచ్చేటన్ని పాయింట్లే వస్తాయి. సపోర్టువారిని అడిగితే అంతా మార్చుకోదగిన సెట్టింగేనని అన్నారు. తీరా చూస్తే మార్చుకోగలిగినవి పాయింట్ల విలువలు మాత్రమే. సహరచయితల మధ్య పంచే సూత్రం ముట్టుకోవడానికి వీల్లేదు.

ఈ పనిని శ్రద్ధగా ఆలోచించి చేసిన దేశం నార్వే. అక్కడ 2000ల మధ్యలో ప్రచురణ సూచికను విశ్వవిద్యాలయ నిధుల సూత్రంలో చేర్చినప్పుడు పత్రికలను, ప్రచురణ సంస్థలను రెండే స్థాయులుగా విభజించారు. పై స్థాయిలో ఒక్కో రంగపు ప్రచురణల్లో ఐదోవంతుకు మించనివ్వకుండా, ఏ పత్రిక ఎక్కడ ఉండాలో ఆయా రంగాల విద్వాంసులే నిర్ణయించే ఏర్పాటు చేశారు. మామూలు స్థాయి వ్యాసానికి 1 పాయింటు, పై స్థాయికి 3. సంకలనంలోని అధ్యాయానికి 0.7, పై స్థాయిలో 1; స్వతంత్ర గ్రంథానికి 5, పై స్థాయిలో 8. గ్రంథానికి ఇచ్చిన బరువు చూడండి, చరిత్ర, సాహిత్యం చదివేవారు ఏం రాస్తారో తెలిసినవారు వేసిన లెక్క అది. పాయింట్లను సహరచయితల సంస్థల మధ్య వాటాలుగా పంచారు. అలా పంచితే కలిసి రాసేవారికి నష్టమన్న విమర్శ రాగా, 2015లో సంస్థ వాటాకు వర్గమూలం తీసుకునే పద్ధతికి మారారు: నలుగురిలో ఇద్దరు మన సంస్థవారైతే వాటా 0.5, దాని వర్గమూలం సుమారు 0.71. అందులో ఆరుసార్లు జమ అయ్యే అవకాశమే ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ సూచిక మీద ఆధారపడి కదిలిన డబ్బు అక్కడి ఉన్నతవిద్యా సంస్థల మొత్తం నిధుల్లో 2 శాతం దరిదాపుల్లోనే ఉండేది. సూచిక సంస్థలను ఉద్దేశించింది తప్ప వ్యక్తులను తూచడానికి రూపొందించింది కాదు. నార్వేజియన్ భాషలో వచ్చే విద్వత్పత్రికలకు కూడా జాబితాలో చోటుంది. మా సాఫ్ట్‌వేర్ బ్రోషరులో ‘అంతర్జాతీయ ప్రమాణాల స్కోరింగ్’ అని ఉంది. ఈ జాగ్రత్తల్లో ఒక్కటీ అందులోకి రాలేదు.

జాగ్రత్తలు లేకుండా లెక్కపెడితే ఏమవుతుందో చెప్పడానికి ఆస్ట్రేలియాను తరచు ఉదహరిస్తారు. 1990లలో అక్కడ ప్రచురణల సంఖ్యకు డబ్బు ముడిపెట్టాక వ్యాసాలు పెరిగాయని, పెరుగుదల ఎక్కువగా తక్కువ ప్రభావం గల పత్రికల్లోనే కనిపించిందని పరిశోధకురాలు లిండా బట్లర్ 2003లో చూపించారు. ఆ నిర్ధారణను తరవాత 2017లో ఇతర పరిశోధకులు గణాంకాలతోనే ప్రశ్నించారు కాబట్టి దాన్ని వేదవాక్యంగా తీసుకోనవసరం లేదు. నార్వే నమూనాను అనుసరించిన డెన్మార్క్ తన సూచికను 2021లో ఆపివేసిందన్నది మాత్రం కాదనలేని విషయం.

మన దేశంలో ఇదేమీ కొత్త ఆలోచన కాదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం విశ్వవిద్యాలయాల పరిశోధనకు నిధులిచ్చేందుకు 2009లో ప్రారంభించిన పర్స్ పథకంలో తొలినాళ్లలో విశ్వవిద్యాలయాలను ప్రచురణల హెచ్-ఇండెక్స్ చూసి ఎంపిక చేశారు. హెచ్-ఇండెక్స్ 40 అంటే కనీసం 40 చొప్పున సైటేషన్లు (ఇతర వ్యాసాల్లో ఉటంకింపులు) వచ్చిన వ్యాసాలు 40 ఉన్నాయని అర్థం. ఈ అంకె కాలంతో పెరగడమే తప్ప తగ్గదు. అందువల్ల 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్కన 2006లో పుట్టిన మన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయాన్ని ఈ కొలతతో నిలబెట్టడం వయసుకు బహుమతి ఇవ్వడమే. మా సాఫ్ట్‌వేర్ డిపార్ట్‌మెంట్ల మధ్య కూడా ఇదే పని చేస్తోంది: పాతికేళ్ల సర్వీసు ఉన్న ఆచార్యులున్న విభాగానికి గ్రాఫులో ఆకుపచ్చ గీత, నిరుడు చేరిన యువ అధ్యాపకులతో నడిచే విభాగానికి ఎర్ర గీత. సీడ్ మనీ అన్నది ఎవరి కోసం పుట్టిందో గుర్తుచేసుకుంటే ఈ రంగులు తారుమారుగా ఉండాలి.

ఇంకొక లోపం చిన్నదే కానీ నిర్లక్ష్యాన్ని పట్టి ఇస్తుంది. ఆమోదయోగ్యమైన పత్రికల పేర్లుండే యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో రద్దుచేసినా, ఆ తరవాతి పేపర్లకు సైతం ‘కేర్ జాబితాలో ఉందా’ అన్న గడి ఇప్పటికీ కనిపిస్తోంది, నింపకపోతే పేజీ ముందుకు కదలదు. అదే సమయంలో, ఉపసంహరణకు గురైన, అంటే లోపాలు బయటపడి పత్రికే వెనక్కి తీసుకున్న, వ్యాసాలను గుర్తించే గడి ఎక్కడా లేదు. ప్రపంచవ్యాప్తంగా 2023 ఒక్క ఏడాదిలో 10,000కు పైగా వ్యాసాలు ఉపసంహరణకు గురైన కాలంలో, అలాంటి వ్యాసానికి పాయింట్లు అలాగే కొనసాగడం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. స్కోపస్‌లో గ్యారంటీగా పేపరు వేయిస్తామని వాట్సాప్‌లో రేటు కార్డులు పంపే ఏజెంట్లకు ఏ స్కోరు మీద డబ్బు వస్తుందో మనకన్నా బాగా తెలుసు. అంబాజీపేటలో కొబ్బరికాయలు వెయ్యి లెక్కన అమ్ముడైనా, కాయ సైజు చూడకుండా ధర చెప్పే వ్యాపారి ఉండడు. ఇక్కడ ఆ చూపు కరవైంది.

పాయింట్ల పట్టికలో చోటులేని పని మాటేమిటన్నది దీనికంటే పెద్ద ప్రశ్న. డెల్టాలో ఉన్నవారికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. 1925లో మొదలైన మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో ఎంటీయూ 7029 అనే వరి వంగడం వచ్చింది, స్వర్ణ పేరుతో తూర్పు భారతం దాటి బంగ్లాదేశ్ దాకా పొలాల్లోకి వెళ్లింది. వశిష్ఠ, మసూరి రకాలను సంకరం చేసి సాధించిన ఆ వంగడం విలువను దాని గురించి ఏ క్వార్టైల్ పత్రికలో ఎన్ని వ్యాసాలు వచ్చాయో చూసి కట్టాలంటే, పొలం గట్టు మీద నిలబడ్డ రైతు నవ్వుతాడు. మా సాఫ్ట్‌వేర్‌లో పేటెంటుకు గడి ఉంది. విత్తన రకానికి, రొయ్యల చెరువుల నీటి పరీక్షలకు, రైతులకిచ్చిన శిక్షణకు లేదు. ఇవన్నీ ‘ఇతరములు’ కింద వేయాలి, ఇతరములకు పాయింట్లు సున్నా. బ్రిటన్ 2021లో జరిపిన పరిశోధన మూల్యాంకనంలో విద్యాలోకం బయట కలిగిన ప్రభావానికి 25 శాతం బరువు ఇచ్చి, దాన్ని నిపుణుల సంఘాలు చదివి తేల్చేలా పెట్టింది. ఖర్చూ శ్రమా ఎక్కువే. మా కళాశాల స్థాయిలో నలుగురు బయటి ఆచార్యులు ఒక రోజు కూర్చుంటే సరిపోయే పని అది.

తెలుగు విభాగం పరిస్థితి వేరే చెప్పాలి. తెలుగులో వెలువడే సాహిత్య విమర్శ పత్రికలు స్కోపస్‌లో దాదాపు కనిపించవు. డీఓఐ ఉండదు కనుక వివరాలన్నీ చేత్తో ఎక్కించాలి. ఎక్కించాక శీర్షిక తెరమీద సరిగ్గానే కనిపించినా, పీడీఎఫ్ నివేదికలో ప్రశ్నార్థకాల వరుసగా అచ్చవుతుంది. ఆ వరుసకు ఎదురుగా పాయింట్ల గడిలో సున్నా. మా ప్రాంతపు జానపద గేయాల సేకరణ మీద వచ్చిన ఒక చక్కని వ్యాసం యాజమాన్య సంఘం ముందుకు ఈ రూపంలోనే వెళ్లింది.

సేవ విషయానికి వస్తే, సపోర్టువారు ఫోను ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, రిజిస్టరుకు సంబంధించిన తప్పును ఒకటి రెండు రోజుల్లో సరిచేస్తారు. స్కోరు సూత్రం గురించి అడిగితే మాత్రం ‘డెవలప్‌మెంట్ టీమ్‌కు పంపాం సార్’ అన్న జవాబు దాటి వెళ్లదు. ఏడాది చందా మా లైబ్రరీ తెలుగు పత్రికలన్నిటికీ కలిపి పెట్టే ఖర్చుకంటే ఎక్కువ. రిజిస్టరు భాగానికి ఐదులో నాలుగు ఇస్తాను, నిధుల పంపకం భాగానికి ఒకటి. రెండో భాగాన్ని విడిగా వద్దనుకునే వీలు ధరల పట్టికలో ఉంది, డెమోలో ఎవరూ చెప్పరు. అడిగితే చందా తగ్గుతుంది.

కొనదలచినవారు కంపెనీ తెచ్చే నమూనా డేటాను చూసి ఊరుకోకుండా, సొంత కళాశాల డేటానే డెమోలో ఎక్కించమని అడగాలి. ఒకే ఇనిషియల్ ఉన్న ఇద్దరు అధ్యాపకుల పేర్లు, ఆరుగురు సహరచయితలున్న ఒక పేపరు, ఉపసంహరణకు గురైన ఒక వ్యాసం, తెలుగు శీర్షిక ఉన్న ఒక వ్యాసం ఇచ్చి, అక్కడికక్కడే పీడీఎఫ్ తీయించి చూసుకోవాలి. ధర మాట్లాడటం ఆ కాగితం చేతికి వచ్చాక పెట్టుకోవచ్చు.