మా ఇంటి కూలర్‌కి పదకొండో వేసవి

2015 మేలో కొన్నాం దీన్ని. ఆ ఏటి ఎండలు గుర్తున్నవాళ్ళకి ఎందుకు కొన్నామో చెప్పక్కర్లేదు. ఆంధ్రా, తెలంగాణల్లో వెయ్యికి పైగా మందిని పొట్టన పెట్టుకున్న వడగాడ్పులవి. అమలాపురంలో కొట్టుకి వెళ్తే అక్కడి కుర్రాడు "ఏసీ ఎందుకండీ బాబూ, ఇది పెట్టుకుంటే రాత్రికి దుప్పటి అడుగుతారండి" అన్నాడు. 8,500 రూపాయలు పోసి, ఆటోలో ఒళ్ళో పెట్టుకున్నట్టు తెచ్చుకున్నాం. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పబోయే లోపాల్లో సగం దానివి కావు, మా ఊరి గాలివి.

మాది మలికిపురం వైపు. సముద్రం సైకిలు మీద పోయొచ్చే దూరం. సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాక నాకో పిచ్చి పట్టుకుంది. వరండా స్తంభానికి రెండు థర్మామీటర్లు కట్టాను. ఒకటి మామూలుది, రెండోదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. పొద్దున్నా, మధ్యాహ్నం, రాత్రీ రెండూ చూసి, కొబ్బరాకు ఎటు ఊగుతోందో చూసి పుస్తకంలో రాస్తాను. మా ఆవిడ దాన్ని "మీ జాతకాల పుస్తకం" అంటుంది. అననివ్వండి. కూలర్ గురించి నాకు తెలిసిందంతా ఆ పుస్తకంలోంచి వచ్చిందే.

ఈ ఏడాది, అంటే 2025లో, ఉగాది మార్చి 30న వచ్చింది, అక్షయ తృతీయ ఏప్రిల్ 30న. సరిగ్గా ఆ నెల రోజుల్లోనే మా ఇంట్లో ఏడాదికి సరిపడా హడావుడి జరిగింది, కూలర్ కూడా దాని గుణాలన్నీ చూపించింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. కూలర్ చల్లదనం పుట్టించదు. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటాయి, అంతే. కాబట్టి అది ఎంత గింజుకున్నా తడిగుడ్డ థర్మామీటరు చూపించే అంకె కంటే కిందికి దించలేదు. గట్టి పడమటి గాలి తోలే రోజున బయట 40 డిగ్రీలుండి, గాలిలో తేమ 20 శాతం ఉంటే తడి థర్మామీటరు 23 దగ్గర నిలబడుతుంది. అప్పుడు కూలర్ ముందు కూర్చుంటే ఆ కొట్టు కుర్రాడి మాట నిజమే, కాళ్ళ మీద తువ్వాలు కప్పుకోవాల్సిందే. అదే సముద్రం మీంచి గాలి తిరిగి, 34 డిగ్రీలుండి, తేమ 75 శాతం ఉందనుకోండి, తడి థర్మామీటరు 30 చూపిస్తుంది. ఆ నాలుగు డిగ్రీల్లో నాలుగూ ఇవ్వదు, ఇచ్చే రెండు మూడింటి కోసం గదిలోకి ఇంకాస్త చెమ్మ తోస్తుంది. ఒళ్ళు జిడ్డు, పరుపు జిడ్డు, అప్పడాల డబ్బా మూత తీస్తే అప్పడాలు గుడ్డల్లా వేలాడతాయి.

మా దగ్గర ఏ రోజులు ఎక్కువో మీరే చెప్పగలరు. ఈ నెలలో నా పుస్తకంలో మధ్యాహ్నం మూడు దాకా పడమర నిలిచిన రోజులు పది లోపే. మిగతా రోజులు పదకొండుకో పన్నెండుకో కొబ్బరాకులు ఇటు తిరిగిపోయాయి. అప్పుడు నేను చేసేది, కూలర్ పంపు ఆపేసి ఉత్త ఫ్యానుగా వాడటం. పంపుకి విడిగా స్విచ్చి ఉన్నది చూసి కొనుక్కోండి. కోనసీమలో అది దీనికున్న అన్నిటికన్నా పనికొచ్చే మీట.

మా అమ్మకి 86. ఆవిడ దీన్ని మొదటి రోజు నుంచీ ఒప్పుకోలేదు. వరండాలో నవారు మంచం, తాటాకు విసనకర్ర, అదే ఆవిడ ఏసీ. వాళ్ళ తాతగారింట్లో కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి, గంటకోసారి నీళ్ళు చల్లేవారట. "అది వాసనేసేదిరా. ఇది రొదేస్తుంది" అంటుంది. సూత్రం ఒకటేనమ్మా అని నేను పాఠం మొదలెడితే విసనకర్రతో వెళ్ళమని సైగ చేస్తుంది.

రొద విషయంలో మాత్రం ఆవిడతో వాదించను. ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలు. మా చెల్లెలి మనవడు పరీక్ష రాశాడు. వాడి ఫోను వచ్చింది, ఇక్కడ కూలర్ మూడో నంబరు మీద తిరుగుతోంది. నాకు "పోయింది తాతయ్యా" అన్న ముక్క ఒక్కటే వినపడి ఫోను కట్టయిపోయింది. నా మొహం చూసి మా ఆవిడ పమిట నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఓ పావుగంట ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోలేదు. మళ్ళీ చేస్తే, వాడన్నది "కరెంటు పోయింది తాతయ్యా, మళ్ళీ చేస్తా" అని. మార్కులు 561. ఆ పావుగంటకి కూలర్‌కి నేనిచ్చే మార్కులు సున్నా.

నీళ్ళ గొడవ వేరే ఉంది. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన. కాలవలొస్తుంటే తోడుకోవచ్చు గానీ, దాళ్వా, అదే రెండో పంట వరి, కోతలైపోయాక మరమ్మతులకని ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్ దాకా రావు. ఉన్న మంచినీళ్ళ చెరువు మనుషులకి, గొడ్లకి. కూలర్‌కి మంచినీళ్ళు పోస్తే ఊరు నవ్వుతుంది, పైగా పడమటి గాలి రోజున 40 లీటర్ల టాంకు రాత్రికల్లా ఖాళీ. అందుకని దానికి బోరు నీళ్ళే. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది? ప్యాడ్ల మీద తెల్లగా పెచ్చు కడుతుంది. రెండు వేసవులు గడ్డి ప్యాడ్లు వాడి విసిగిపోయాను. ఎండితే పొట్టు రాలుతుంది, తడిస్తే నాచు వాసన. మూడో ఏడు తేనెపట్టులా గళ్ళుండే హనీకోంబ్ ప్యాడ్లు వేయించాను. ఇవి నయం. కానీ పదిహేను రోజులకోసారి తీసి నిమ్మకాయ నీళ్ళలోనో వెనిగర్ నీళ్ళలోనో నానబెట్టి బ్రష్షుతో రుద్దకపోతే వీటికీ అదే గతి. ఇప్పటికి నాలుగు జతలు మార్చాను.

ఆ ఉప్పు ఎంత చిక్కబడుతుందో మా ఆవిడ మల్లె తుప్పలకి తెలుసు. పెరట్లో ఆరు పాదులున్నాయి ఆవిడకి. నా పుస్తకం నాకెంతో అవి ఆవిడకంత. నీళ్ళు ఎద్దడిగా ఉన్నాయి కదాని టాంకు అడుగున మిగిలిన నీళ్ళు నేనే రెండు వారాలు వాటికి పోశాను. ఆకుల అంచులు కాగితం కాల్చినట్టు ఎర్రబడిపోయాయి, కట్టిన మొగ్గలు రాలిపోయాయి. "సైన్సు మాస్టారు పోసిన నీళ్ళండీ" అని వీధి వీధంతా చెప్పింది. అప్పట్నుంచీ ఆ నీళ్ళు కొబ్బరి మొదళ్ళకి. కొబ్బరిచెట్టు ఆ మాత్రం ఉప్పుకి ఏమీ అనుకోదు. ఈ చైత్రంలో మల్లెలు బాగా పూశాయి. రోజూ చేటెడు వచ్చాయి, ఇరుగు పొరుగుకి పంచగా మిగిలినవి దేవుడికి.

ప్రతి శుక్రవారం టాంకు పూర్తిగా వంపేసి, గుడ్డతో తుడిచి, ఓ పూట ఎండబెడతాను. దోమ గుడ్డు పెట్టాక వారం పది రోజుల్లో దోమై లేస్తుంది. ఆశా కార్యకర్త వచ్చి టార్చి వేసి మరీ చూస్తుంది. ఒకసారి పిల్లపురుగులు కనిపించి "మాస్టారూ, మీరే ఇలా చేస్తే ఎలాగండీ" అంది. ఆవిడ నా దగ్గర ఎనిమిదో తరగతి చదువుకున్న పిల్ల.

ఇక మన్నిక. ఒళ్ళు ప్లాస్టిక్కు కాబట్టి నిలబడింది. పక్కింటివాళ్ళ రేకు కూలర్ ఈ ఉప్పుగాలికి నాలుగేళ్ళలో జల్లెడయింది. మాదానికి చక్రాలు తుప్పు పట్టాయి, అటూ ఇటూ ఊగే రెక్కల మోటారు ఆరో ఏట ఆగింది, పంపు రెండుసార్లు మార్చాను. పెద్ద మోటారు ఇంతవరకు ఏమీ అడగలేదు. 190 వాట్లు, అంటే పది గంటలు తిరిగితే రెండు యూనిట్ల లోపు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కూడా తిరుగుతుంది. ఎదురింటివాళ్ళ ఏసీ అప్పుడు గోడ మీద బొమ్మ.

వానాకాలంలో నీళ్ళు లేకుండా పెట్టి బట్టలారేస్తాం. ఓ ఏడు మాగాయ ముక్కలు ఉప్పులోంచి తీసి ఎండేసిన రోజునే మబ్బు పట్టేస్తే, మా ఆవిడ పళ్ళేలన్నీ దీని ముందు పరిచింది. ముక్క నల్లబడలేదు. ఆ ఏటి మాగాయ తిన్నవాళ్ళెవరికీ ఆ సంగతి చెప్పొద్దంది. ఇప్పుడు చెప్పేశాను.

రాజమండ్రి దాటి పైన ఉన్నవాళ్ళు అడిగితే కొనుక్కోమంటాను. మా లంకల్లోవాళ్ళు అడిగితే ఓ మంచి ఫ్యాను కొనుక్కుని, మిగిలిన డబ్బులు పెట్టి పైన రేకుల మీద కొబ్బరాకులు పరిపించుకోమంటాను.

అక్షయ తృతీయ నాడు మా తమ్ముడి కూతురి పెళ్ళి. బడులకి 24 నుంచి సెలవులు కాబట్టి మా అమ్మాయి మనవణ్ణి తీసుకుని హైదరాబాదు నుంచి ముందే దిగింది. మగపెళ్ళివారు కూడా అక్కడివాళ్ళే. విడిదింటికి ఏసీ లేదని తమ్ముడు కంగారుపడి "అన్నయ్యా, మీ కూలర్ పంపించవా" అన్నాడు. పంపిస్తూ, కిటికీలు తీసి ఉంచమనండ్రా, వెనక నుంచి బయటి గాలి రావాలి, ముందు నుంచి పోవాలి అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. పెళ్ళి హడావుడిలో ఎవరు వింటారు? చల్లదనం బయటికి పోతుందని తలుపులు, కిటికీలు బిగించి, ఇరవై మంది మధ్యన పెట్టారు. ఆ పూట గాలి కూడా తూర్పే. గంటకి వెళ్ళి చూద్దును కదా, గోడలకి చెమట పట్టింది. వియ్యపురాలిగారు పట్టుచీర కొంగుతో విసురుకుంటూ "అన్నయ్యగారూ, ఇదేదో ఆపించండి, ఆవిరి కుడుముల్లా ఉడికిపోతున్నాం" అన్నారు. పంపు ఆపి, కిటికీలు తీయించి, తలా ఓ బొండాం కొట్టించాను. అప్పటికి కుదుటపడ్డారు.

మర్నాడు కూలర్ ఇంటికొచ్చింది. మూడు చక్రాలే ఉన్నాయి. టాంకులో ఒక కాసు ఉంగరం, బోలెడు తలంబ్రాలు. ఉంగరం వియ్యపురాలిగారి మనవడిదట, తమ్ముడొచ్చి పట్టుకెళ్ళాడు. తలంబ్రాలు తీస్తుంటే మా అమ్మ మంచం మీంచి చూసి, "దానికీ పెళ్ళయిందేవిట్రా" అంది.