హోమ్ సైన్స్‌లో ఏది తీసుకుంటే మేలు: న్యూట్రిషనా, హ్యూమన్ డెవలప్‌మెంటా?

సెకండియర్ అయిపోయిన జూనియర్లందరిదీ ఒకటే ప్రశ్న, అక్కా ఫుడ్ అండ్ న్యూట్రిషన్ తీసుకోవాలా, హ్యూమన్ డెవలప్‌మెంట్ తీసుకోవాలా అని. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసి చేసి వేళ్ళు నొప్పెడుతున్నాయి, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. నేను తీసుకుంది హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్, అంటే పసితనం నుంచి మనిషి ఎలా ఎదుగుతాడు, కుటుంబం ఎలా నడుస్తుంది అన్నది చదివే సబ్జెక్టు, కాబట్టి నా మొగ్గు ఎటో మీరే లెక్కేసుకోండి.

ముందు మిగతావి కానిచ్చేద్దాం. టెక్స్‌టైల్స్ అయితే బట్టలన్నా రంగులన్నా పిచ్చి ఉన్నవాళ్ళకి, ఆ పిచ్చి ఉంటే అసలు మీరీ ప్రశ్న అడగరు. రిసోర్స్ మేనేజ్‌మెంట్‌లో ఇంటి బడ్జెట్టు, ఇంటీరియర్, వినియోగదారుల హక్కులు ఉంటాయి, బాగానే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్, అంటే నేర్చుకున్నది జనం దగ్గరికి తీసుకెళ్ళి చెప్పడం, జనంలో తిరగడం ఇష్టమున్నవాళ్ళకి. అంతే.

ఉద్యోగం సంగతి చూస్తే న్యూట్రిషన్‌దే పైచేయి, ఇందులో దాచడానికేం లేదు. డైటీషియన్ అనగానే ఇంట్లోవాళ్ళకి అర్థమైపోతుంది, మాది చెప్తే "అంటే ఏంటి?" అని మూడుసార్లు అడుగుతారు. పైగా మాకు పీజీ లేకపోతే కౌన్సెలింగ్ వైపు వెళ్ళడం కష్టం. న్యూట్రిషన్‌లో ఇంకో సుఖం ఏంటంటే చాలావాటికి జవాబు అంకెల్లో వచ్చేస్తుంది. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, ప్రొటీన్‌కీ పిండిపదార్థానికీ నాలుగేసి. పిల్లాడు వయసుకి తగ్గ ఎత్తున్నాడా లేదా అంటే డబ్ల్యూహెచ్‌వో 2006 చార్టు తీసి మైనస్ 2 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు నుంచి ఎంత దూరమో చెప్పే కొలత) గీతకి కింద ఉన్నాడా పైనున్నాడా చూస్తారు. బయోకెమిస్ట్రీ అంటే చెమటలు పట్టేవాళ్ళు మాత్రం ఆలోచించుకోండి. మనుషులతో తిప్పలు అక్కడా ఉన్నాయిలెండి, 24 గంటల రీకాల్, అంటే గడిచిన రోజంతా తిన్నవాటి లిస్టు, రాసుకునేటప్పుడు నిన్నేం తిన్నారంటే పూటపూటా భోజనాలు చెప్తారు గానీ మధ్యమధ్యలో నోట్లో వేసుకున్నవి ఒక్కటీ గుర్తుండదు.

మా వైపు వచ్చేవాళ్ళు చాలామంది ఇదంతా థియరీయే, బట్టీ కొడితే పాస్ అనుకుని వస్తారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే దశలు 4, మనిషి జీవితాన్ని దశలుగా విడగొట్టిన ఎరిక్సన్ దశలు 8, నిజమే, బట్టీయే. కానీ అసలు పరీక్ష నర్సరీ ల్యాబ్‌లో ఉంటుంది. ఓ మూల కుర్చీ వేసుకుని ఒక్క పిల్లాణ్ణే గంటసేపు చూస్తూ రాసుకోవాలి, పలకరించకూడదు, సాయం చెయ్యకూడదు. నా మొదటి రికార్డులో "బాబు అలిగాడు" అని రాశా. మేడమ్ దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి "నీకెలా తెలుసు?" అని రాసి తిరిగిచ్చేశారు. మళ్ళీ ఇంకో రోజు అలాంటిదే జరిగితే ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశా: బ్లాక్ కింద పెట్టాడు, గోడ వైపు తిరిగాడు, పిలిస్తే తల తిప్పలేదు, రెండు నిమిషాలకి భుజం మీదుగా వెనక్కి చూశాడు. మొదటి పిల్లాడు కూడా అలా వెనక్కి చూశాడేమో, ఎవరికి తెలుసు, అలిగాడు అని రాసేసుకున్నాక నేనింకేం చూశాను గనక!

నా లెక్కలో తేల్చాల్సింది ఇదొక్కటే, చెయ్యి పెట్టకుండా చూస్తూ కూర్చునే ఓపిక మీకుందా అని. జీతాల సంగతి తర్వాత.

క్లాసులో విన్న ఓ పాత సంగతి చెప్తా, రెండు సబ్జెక్టులకీ తేడా నాకు దాంతోనే అర్థమైంది. 1919లో అమెరికాలో కార్నెల్‌లో హోమ్ ఎకనామిక్స్ అమ్మాయిలకి ప్రాక్టీస్ హౌస్ అని పెట్టారు, అందులోనే ఉండి వంట, ఖర్చులు, ఇల్లు నడపడం నేర్చుకోవాలి. 1920లో ఆ ఇంటికి ఓ నిజం పసిబిడ్డని కూడా తెచ్చారు. పేరు డికీ డోమెకాన్, డోమెకాన్ అంటే డొమెస్టిక్ ఎకానమీకి పొట్టిపేరు, అంటే బిడ్డ ఇంటిపేరే సబ్జెక్టు పేరన్నమాట! అమ్మాయిలు వంతులేసుకుని తల్లి డ్యూటీ చేసేవాళ్ళు. పాలు టైముకి, నిద్ర టైముకి, అన్నిటికీ రికార్డు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి బిడ్డల్ని తెస్తూనే ఉన్నారు. న్యూట్రిషన్ కళ్ళతో చూస్తే వంక పెట్టడానికి లేదు. మా కళ్ళతో చూస్తే మాత్రం, డ్యూటీ మారినప్పుడల్లా తల్లి మారిపోతుంటే ఆ బిడ్డ ఎవర్ని చూసి ఏడుపు ఆపాలి? ఆ తర్వాతెప్పుడో బౌల్బీ, ఐన్స్‌వర్త్ అనే పరిశోధకులు వచ్చి అటాచ్‌మెంట్ గురించి, అంటే బిడ్డకి తనని పెంచేవాళ్ళతో పడే ముడి గురించి చెప్పారు. ఐన్స్‌వర్త్ ప్రయోగంలో తల్లి కాసేపు, మహా అయితే మూడు నిమిషాలు, గది బయటికెళ్తుంది. బిడ్డ ఎంత ఏడ్చిందన్నదానికంటే అమ్మ తిరిగొచ్చాక ఏం చేసిందన్నదే ముఖ్యంగా చూస్తారు. అది కనిపెట్టాలంటే కూర్చుని చూడాల్సిందే, తూకం మిషన్ చెప్పదు.

ఇంకా తేల్చుకోలేకపోతే ఓ పని చెయ్యండి. ఇంట్లోవాళ్ళని అడిగి, చుట్టాల పిల్లాడు ఆడుకునేచోట ఇరవై నిమిషాలు పెన్నూ పేపరూ పట్టుకుని కూర్చోండి. రాసినదాంట్లో అలిగాడు, మురిసిపోయాడు లాంటివి ఎన్నున్నాయో చూసుకోండి, అవి ఉన్నా పర్లేదు, ఒక సెమిస్టర్‌లో పోతాయి. కానీ వాడు డబ్బా మూత తియ్యలేక అవస్థ పడుతుంటే మీరు లేచెళ్ళి తీసిచ్చేశారనుకోండి, నా ఫ్రెండ్ ల్యాబ్‌లో సరిగ్గా అదే చేసి మార్కులు పోగొట్టుకుంది. ఇప్పుడు న్యూట్రిషన్‌లో హాయిగా ఉంది, అక్కడ సాయం చేస్తే మార్కులు కొయ్యరు.